కుడి వైపు స్పీకరు

బంగారంలాంటి మా అక్కకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే కళ్ళు తిరిగి పడతావు, లేవదీయడానికి ఆ ఇంట్లో రెండో మనిషి లేదు. ఫోన్ చేయొచ్చుగా అని విసుక్కోకు. పొద్దుటి నుంచి బస్టాండు మైకులో "నాలుగో నంబరు ప్లాట్‌ఫారంలో బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది" అని వల్లించి ఇంటికొచ్చాక ఇక నోరు తెరవబుద్ధి కాదు. పైగా ఇంట్లో ఫోన్‌లో ఏం మాట్లాడినా మా ఆయన, ఆ మునిగారు, వింటారు. ఆయనకి నోరు లేదు గాని చెవులు మాత్రం పాము చెవులు.

నేను నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. చుట్టపుచూపుగా కాదు. నెలాఖరుకి పెట్టె సర్దుకుని వస్తాను, మేడమీద గది ఖాళీ చేయించు. కొట్టారా, తిట్టారా, ఇంకెవరైనా ఉన్నారా అని నువ్వు వరసబెట్టి అడుగుతావని నాకు తెలుసు. అలాంటివేమీ లేవు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అసలు గొడవంతా అదే, ఒక్క మాట కూడా అనకపోవడం.

పదకొండేళ్ళ క్రితం నీకొక అబద్ధం చెప్పాను. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ మీ ఊళ్ళో ఉంది కదా, అక్కడ గొంతు పరీక్షకి వచ్చి నీ దగ్గర రెండు రోజులున్నాను, గుర్తుందా? నన్ను తీసుకోలేదని నీకు రాశాను. నువ్వు వాళ్ళని తిట్టని తిట్టు లేదు. నిజానికి తీసుకున్నారే అక్కా! రమ్మని కాగితం కూడా పంపారు. ఆ కాగితం చేతిసంచిలో పెట్టుకుని, ఆయన మేనత్తగారింటి నుంచి ఇద్దరం బస్సులో తిరిగొస్తున్నప్పుడు, నాలుగు రోజులుగా కూడగట్టుకున్న ధైర్యంతో అడిగాను. "నాకక్కడ ఉద్యోగం వచ్చింది. అక్కడే ఉండాలి, వారానికోసారి వస్తాను. వెళ్ళమంటే వెళ్తాను, వద్దంటే మానేస్తాను. ఏదో ఒకటి చెప్పండి" అన్నాను. ఆయన సూటిగా ముందుకే చూస్తూ కూర్చున్నారు. రెండు ఊళ్ళు దాటాం. అప్పుడు నోరు తెరిచి ఏమన్నారో తెలుసా? "బస్సు బాగా కుదుపుతోంది" అన్నారు!

వద్దన్నా నేనింత బాధపడేదాన్ని కాదు. వద్దంటే పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, అలిగేదాన్ని, ఏదో ఒకటి తేలేది. ఇంటికొచ్చి ఆ కాగితం ముక్కలు ముక్కలుగా చించేశాను. ఆ రోజు నుంచీ ఆయనకి అన్నం వడ్డిస్తూనే ఉన్నాను, చొక్కాలు మడతపెడుతూనే ఉన్నాను, లోపల మాత్రం ఆ బస్సు ఇంకా కుదుపుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. కనీసం జవాబివ్వడానికి కూడా పనికిరాని మనిషినా నేను?

సరే, అది పాత పుండు. మొన్న ఆ సంస్థ పెద్దావిడ మళ్ళీ ఉత్తరం రాసింది. ప్రయాణంలో మా బస్టాండులో బస్సు మారిందట, మైకులో నా గొంతు విని గుర్తుపట్టిందట. "మీ కోసం ఇప్పటికీ చోటుంది, నెలాఖరులోగా చేరండి" అని రాసింది. ఆ రోజు భోజనాల దగ్గర, ఆయన పక్కనే కూర్చుని, సంగతంతా చెప్పాను. టీవీలో వార్తలొస్తున్నాయి. చెప్పడం అయ్యాక ఆయన ముఖం చూశాను. ఆయన నా వైపు తిరిగి, "మంచినీళ్ళు ఇలా ఇవ్వు" అన్నారు. మనిషన్నవాడు ఒకే దెబ్బ రెండుసార్లు ఇంత నిదానంగా కొట్టగలడా? అప్పుడే తేల్చుకున్నాను, ఇక మూడోసారి అడగను, వెళ్ళిపోతానని.

వెళ్ళేముందు ఒక్క పని చేసి వెళ్తాను. ఏడాదిగా ఆయనది ఒకటే గోల, ఈ కొత్త టీవీల్లో బొమ్మ బాగుంటుంది గాని మాట ముద్దముద్దగా వస్తుందని. ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో మూలపడిన కంప్యూటర్ ఒకటి, ఎవరో వదిలించుకున్న స్పీకర్లు నాలుగు మోసుకొచ్చి, "నువ్వు బస్టాండులో మైకులూ వైర్లూ చూస్తావుగా, ఇదీ చూడు" అని నా నెత్తిన పెట్టారు. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు మాత్రం చేసి పెట్టాలనే ఉంది. నేను లేని ఇంట్లో సాయంత్రాలు ఆయన గోడలు చూస్తూ కూర్చోకూడదు. కోపం కోపమే, అది వేరు.

కంప్యూటర్ని టీవీ కింద అరలో పెట్టాను. లావుపాటి కేబుల్ ఒకటి దాన్నుంచి టీవీలోకి. మొదట్లో బొమ్మ అంచులు నాలుగు పక్కలా టీవీ మింగేసింది, మనుషులకి నుదుళ్ళు లేవు. అది సరిచేస్తే అక్షరాలు చీమల్లా వచ్చాయి, కళ్ళజోళ్ళాయన ఇంట్లో ఎవరికీ కనపడని అక్షరాలు! వాటినీ పెద్దవి చేశాను. మా సీడీలన్నీ అందులోకి ఎక్కించాను. ఆయనకి కంప్యూటర్ భయం, అందుకని టీవీ వేయగానే సినిమాలు, పాటలు, ఫోటోలు అని మూడు పెద్ద గళ్ళు మాత్రమే వచ్చేట్టు చేశాను, ఒళ్ళో పెట్టుకుని నొక్కే చిన్న కీబోర్డుతో. ఇక స్పీకర్లు మిగిలాయి. ఆదివారం అవీ కలిపేస్తే నా బాధ్యత తీరిపోతుంది.

గది సంగతి మర్చిపోకు.

నీ లొడలొడ చెల్లెలు


అక్కా, నా తల్లీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర్లు పోతే ఏమనుకోకు. మూడు రోజులైంది, ఇంకా నాకు ఈ లోకం మామూలుగా కనపడటం లేదు. మొదటి నుంచి చెప్తాను, లేకపోతే నువ్వూ నమ్మవు.

ఆదివారం మధ్యాహ్నం స్పీకర్లు బిగించాను. టీవీకి అటొకటి ఇటొకటి, సోఫా వెనక అటొకటి ఇటొకటి. ఏ శబ్దం ఎటు నుంచి రావాలో అటు నుంచే వస్తోందా అని పరీక్ష చేయాలి. ఆ కంప్యూటర్లో పరీక్ష శబ్దం ఒకటి ఉంది, బుస్సుమని పాము బుసలాగా, విసుగొచ్చింది. నేను రోజంతా మైకులో బతికేదాన్ని, నా గొంతుండగా ఆ బుస ఎందుకని, "నేనెటున్నానో చెప్పుకోండి" అని నా మాటే రికార్డు చేసి ఒక్కో స్పీకరుకి ఒకసారి వచ్చేట్టు పెట్టాను. ఆయన్ని సోఫా మధ్యలో కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకోండి, గొంతు ఎటు వినపడితే అటు చేయెత్తండి" అన్నాను. ఆయన షాపులో అందరికీ ఒక కన్ను మూయించి బోర్డు చదివిస్తారుగా, ఈసారి పరీక్ష ఆయనకి. బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు.

ఎడమ స్పీకరు పలికింది, ఎడమ చేయెత్తారు. కుడి స్పీకరు పలికింది, మళ్ళీ ఎడమ చేయే ఎత్తారు. వెనకవీ అంతే. "ఏమిటండీ, నాలుగూ ఒకవైపేనా?" అంటే, "అటు నుంచే కదా వస్తోంది" అన్నారు. నేను వైర్లు తారుమారు చేశాననుకున్నాను. టీవీ వెనక దూరి ఇటు తిరిగి కూర్చుంటే నా కుడి ఆయనకి ఎడమవుతుంది కదా, అక్కడే పప్పులో కాలేశానని, దుమ్ములో పాకుతూ వెళ్ళి వైర్లు అటుదిటు మార్చాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎడమ చేయే! ఇంకోసారి మార్చాను. ఎడమ చేయే! నా మీద నాకే కోపమొచ్చింది. పాతికేళ్ళుగా స్పీకర్ల మధ్య ఉంటూ నాలుగు వైర్లు కలపలేనా అని, ఎడమవైపువి రెండూ పూర్తిగా పీకి పక్కన పడేశాను. ఇక గదిలో పలికేవి కుడివైపువే. నొక్కాను. "నేనెటున్నానో చెప్పుకోండి" అంది నా గొంతు కుడి నుంచి. ఆయన చక్కగా, ఏ అనుమానమూ లేకుండా, ఎడమ చేయెత్తి, "అదుగో, ఇటు" అన్నారు.

వైర్లు చేతిలో పట్టుకుని అలాగే కొయ్యబారి నిలబడిపోయాను. తర్వాత ఫ్యాన్ పెంచి, చప్పుడు చేయకుండా ఆయన కుడిపక్కకి వెళ్ళి, మామూలు గొంతుతో, "ఏమండీ, ఇల్లు తగలబడిపోతోంది" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, తర్వాతి పరీక్ష కోసం చిన్నపిల్లాడిలా నవ్వుముఖంతో ఎదురుచూస్తున్నారు! సోఫా చుట్టూ తిరిగి ఎడమపక్కకి వెళ్ళి "ఏమండీ" అని గుసగుసగా అంటే ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఏమిటి ఎప్పటి నుంచి?"

"మీ కుడి చెవి."

తల దించుకున్నారు. ఆయన షాపుకి ముసలాళ్ళు బోర్డు మీది అక్షరాలు బట్టీపట్టి వచ్చి చూపు బాగున్నట్టు ఒప్పజెప్తారని, వాళ్ళని ఇట్టే పట్టేస్తానని నాకెన్నిసార్లు చెప్పారో. ఆ మనిషే నా పెదవులు చూసి ఇన్నాళ్ళూ ఒప్పజెప్పుకొచ్చారు! "తెలీదు, చాలా రోజులైంది" అన్నారు చివరికి.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ చెవిలో దీపం వేసి చూసి, గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేసి, "కుడి చెవి నరం పూర్తిగా పోయిందమ్మా. ఎన్నాళ్ళైందో ఇప్పుడు చూసి చెప్పలేం. చాలా కాలమే అయ్యుండాలి" అంది. ఆ మాటతో నాకు బస్సు గుర్తొచ్చింది. బస్సులో నేను కూర్చున్నది ఆయన కుడిపక్కన. భోజనాల దగ్గర నా కుర్చీ ఆయన కుడిపక్కన. మంచం మీద కూడా కుడిపక్కనే. నా ఏడుపూ, నా ప్రశ్నా, నా ఉద్యోగమూ, అన్నీ తీసుకెళ్ళి చచ్చిపోయిన చెవిలో పోశానే అక్కా! ఆ మహానుభావుడికి నేను అడిగిన సంగతే తెలీదు. తెలియని నేరానికి పదకొండేళ్ళు శిక్ష వేశాను. ఎన్ని పూటలు ముఖం మాడ్చుకుని వడ్డించానో, ఎన్నిసార్లు అటు తిరిగి పడుకున్నానో తలచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ సాయంత్రం ఎడమపక్కన కూర్చుని అంతా చెప్పేశాను. బస్సులో అడిగింది, కాగితం చించింది, మొన్న మళ్ళీ అడిగింది, వెళ్ళిపోదామనుకున్నది కూడా. "మీకు వినపడలేదు, పాపం, నేనేమో మిమ్మల్ని రాయి అనుకున్నాను, నన్ను క్షమించండి" అని చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయన నన్నే చూసి, "అవునా?" అన్నారు. అంతే. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

నేను రావడం లేదు. ఇప్పుడు ఈయన్ని వదిలి ఎలా వస్తాను? రోడ్డు దాటేటప్పుడు కుడివైపు బండి వస్తోందని చెప్పే దిక్కెవరు? ఆ సంస్థవాళ్ళకి రాలేనని రాసేశాను. బాధగా లేదు, నిజం. ఆ కవరూ ఈ కవరూ రెండూ ఆయన చేతికే ఇస్తున్నాను, షాపుకి వెళ్తూ పోస్టులో వేస్తారు. నా మొగుడు రాయి కాదే అక్కా! ఆ ఒక్క సంగతి చాలు నాకు.

నీ పిచ్చి చెల్లెలు


వదినగారికి,

మీ మరిది దండాలు పెట్టి రాస్తున్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీకు నేనొక ఉత్తరం రాయడం ఇదే మొదలు. చదవడం పూర్తయ్యాక ఇదే ఆఖరు కావాలని మీరనుకున్నా నేను తప్పుపట్టను.

మీ చెల్లెలు నాకు రెండు కవర్లిచ్చింది. మీకు రాసినది పోస్టులో వేశాను, మీకు అందే ఉంటుంది. ఆ సంస్థకి రాసిన రెండోది డబ్బా నోట్లో సగం దాకా పెట్టి, మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాను. ఆ రోజు షాపులో ముగ్గురికి తప్పుడు నంబరు రాశాను. పాతికేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు.

నా కుడి చెవి పోయి నాలుగేళ్ళయింది. రోజుతో సహా తెలుసు. షాపుకి అద్దాలు అరగదీసే కొత్త యంత్రం వచ్చిన రోజు. ఎక్కడో ఈల వేస్తున్నట్టుంటే యంత్రంలో లోపమనుకుని దాన్ని ఆపించాను. యంత్రం ఆగింది, ఈల ఆగలేదు. వారం తిరిగేసరికి ఈలతోపాటు వినికిడీ పోయింది. మీ చెల్లెలు గొంతుతో బతికే మనిషి. నీ గొంతు నాకిప్పుడు సగమే వినపడుతోందని తనకి ఎలా చెప్పను? దాచిపెట్టాను. తప్పంతా టీవీ మీదికి తోశాను. మొన్న భోజనాల దగ్గర తను ఉద్యోగం సంగతి చెప్పిందట. అది నేను నిజంగా వినలేదు, ఒట్టు.

కానీ బస్సు సంగతి పదకొండేళ్ళ కిందటిది. అప్పుడు నా రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయి.

ప్రతి అక్షరమూ విన్నాను వదినగారూ. వెళ్ళమంటే వెళ్తాను అన్నది విన్నాను, వద్దంటే మానేస్తాను అన్నది విన్నాను. వద్దనడానికి నాకేం హక్కుంది? వెళ్ళమంటే నిజంగా వెళ్ళిపోతుంది. వారానికోసారి వస్తానంది, తర్వాత నెలకోసారి అవుతుంది, తర్వాత మానేస్తుందనుకున్నాను. భయమేసింది. ఏమీ అనకపోతే తనే ఊరుకుంటుందని ఎవరో నా చెవిలో చెప్పినట్టయింది. ఊరుకున్నాను. తనూ ఊరుకుంది. నేను గెలిచాననుకున్నాను. గెలిచింది ఏమిటో మాత్రం ఇప్పటిదాకా నాకు తెలీదు.

మొన్న తను నా చేతులు పట్టుకుని, వినపడలేదు పాపం అని ఏడుస్తుంటే, వింటూ కూర్చున్నాను. ఇంత పెద్ద తప్పుకి ఇంత సులువుగా మాఫీ దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. "అవునా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందో చూసుకుని నేనే అదిరిపోయాను. ఆ సాయంత్రం నుంచీ తను కుర్చీ ఎడమపక్కకి మార్చుకుంది. దిండు మార్చుకుంది. వీధిలో నాకు ఎడమపక్కనే నడుస్తోంది. పదకొండేళ్ళుగా దాచుకున్న కబుర్లన్నీ నా మంచి చెవిలో పోస్తోంది. కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతోంది. ఆ నవ్వు నాది కాదు, చెవిటివాడికి ఇచ్చిన నవ్వది.

ఇవాళ పొద్దున ఇద్దరికీ సెలవు. తను చేసిపెట్టిన ఆ టీవీలో ఏదో సినిమా పెట్టింది. నాలుగు స్పీకర్లూ పలుకుతున్నాయి. నాకోసం అన్నీ ఎడమవైపుకే ఎక్కువ వచ్చేట్టు కంప్యూటర్లో ఏదో సర్దింది కూడా. ఇక నా వల్ల కాలేదు. కీబోర్డు అందుకుని సినిమా ఆపేసి, "బస్సులో నాకు వినపడింది" అన్నాను.

తను మొదట నవ్వింది. వేళాకోళమనుకుంది. "నువ్వన్న ప్రతి మాటా వినపడింది. చెవి పోయింది నాలుగేళ్ళ కిందటే" అన్నాను. ఆ ముఖంలో నవ్వు ఎలా ఆగిపోయిందో మీకు రాయలేను. ఎడమవైపు వైర్లు పీకినప్పుడు కూడా ఇలాగే నిలబడిపోయి ఉంటుంది. నేను జేబులోంచి కవరు తీసి ముందు పెట్టాను. తను దాన్ని ముట్టుకోలేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా లేవలేదు. నేనే వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చాను.

వచ్చి తన ఎదురుగా నిలబడి, "వెళ్ళు" అన్నాను.

"వినపడలేదు" అంది.

"వెళ్ళు" అన్నాను, ఇంకొంచెం గట్టిగా.

"నాకు వినపడలేదండీ."

"వెళ్ళు!" అని అరిచాను. నా జన్మలో నేనంత గట్టిగా అరవలేదు. ఎదురింటావిడ కిటికీ తీసి చూసింది. మీ చెల్లెలు లేచి నిలబడి, "ఇంత గొంతు పెట్టుకుని పదకొండేళ్ళు ఎక్కడ దాచారు?" అంది. నవ్వుతూ అనలేదు, ఏడుస్తూ అనలేదు. ఆ కవరు తీసుకుని రెండు ముక్కలు చేసి, లోపలికెళ్ళి పెట్టె దించుకుంది.

మధ్యాహ్నం బస్సుకి ఎక్కిస్తాను. సాయంత్రానికి మీ గుమ్మంలో ఉంటుంది. ఈ ఉత్తరం తన చేతికే ఇచ్చి పంపుతున్నాను, కవరు అంటించలేదు. దారిలో చదువుకుంటే చదువుకోనివ్వండి. తను అక్కడ పుస్తకాలు చదువుతుంది, ఎక్కడెక్కడి వాళ్ళో వింటారు. ఆ పని పదకొండేళ్ళు ఆలస్యం చేసినవాణ్ణి నేనే. ఈ సంగతి అక్కడ ఎవరడిగినా దాచకుండా చెప్పండి.

ఇందాక తను బట్టలు సర్దుకుంటుంటే గది గుమ్మంలో నిలబడి, "మళ్ళీ వస్తావా?" అని అడిగాను. తను నా ఎడమపక్కకే వచ్చి నిలబడింది, మంచి చెవి వైపే. ఫ్యాన్ కూడా ఆపేసి ఉంది. నేను వింటూనే ఉన్నాను వదినగారూ. తనింకా ఏమీ అనలేదు.

మీ మరిది